పైకప్పు ఓనరుది, ఉక్కపోత కిరాయిదారుది

పేదల కరెంటు బిల్లు తగ్గించాలని ప్రభుత్వాలు పడే తపన చూస్తే ముచ్చటేస్తుంది. పీఎం సూర్యఘర్ కింద ఇంటి మీద ఒక కిలోవాట్ సోలార్ పెట్టుకుంటే 30 వేలు, రెండైతే 60 వేలు, మూడు ఆపైన 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. షరతు చాలా చిన్నది: ఇల్లు సొంతమై ఉండాలి, దానికి ప్యానెళ్లు పట్టే కప్పుండాలి. కిరాయికి ఉండేవాళ్లకు ఈ రెండూ లేవు కనుక దరఖాస్తు పెట్టుకునే శ్రమ కూడా తప్పింది.

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ (2023–28) మరీ మర్యాదస్తురాలు. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని కప్పు (ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు లాంటిది కొట్టిన కప్పు) తప్పనిసరి, అంతకు తక్కువైతే ఓనరు ఇష్టం. 60 గజాల్లో మూడంతస్తులు లేపి, ఆ పైన రేకుల రూమొకటి వేసి కిరాయికిచ్చిన పెద్దమనిషి ఇష్టాన్ని ప్రశ్నించడానికి మనమెవరం?

ఆ పెద్దమనిషి కష్టం కూడా అర్థం చేసుకోవాలి. నాలుగు పోర్షన్లకు కలిపి ఒకటే మీటరు, లోపల సబ్‌మీటర్లు అనుకుందాం. ఒక్కో పోర్షన్ నెలకు 90 యూనిట్లు కాలిస్తే మొత్తం 360. 200 దాటింది కాబట్టి మొదటి 200కి యూనిట్ 5.10, తర్వాతి వందకి 7.70, మిగతా 60కి 9 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కన పెడితే బిల్లు 2,330. సబ్‌మీటరు చూసి యూనిట్‌కి 10 చొప్పున ఓనరు వసూలు చేసేది 3,600. మిగిలిన 1,270 రూపాయలు మీటరును కాపలా కాసినందుకు.

అదే నలుగురికీ వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరు 100 లోపే ఉంటారు. 50 యూనిట్లకు 1.95, తర్వాతి 40కి 3.10, వెరసి 221 రూపాయల 50 పైసలు. తెల్లకార్డు ఉండి గృహజ్యోతికి పెట్టుకుంటే అదీ సున్నా, ఎందుకంటే 200 యూనిట్ల ఉచితం కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ మీటరు కావాలని అడిగితే కాగితాల మీద ఓనరు సంతకం కావాలి. ఆయన పెన్ను ఎప్పుడూ ఊళ్లోనే మర్చిపోయి వస్తాడు.

ఇప్పుడు ఎవరో మాట విని నాలుగు పోర్షన్ల వాళ్లూ తలా ఒక మామూలు 75 వాట్ల ఫ్యాన్ తీసేసి, తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టారనుకోండి. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కి నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. కిరాయిదారుకు 160 రూపాయల లాభం. మొత్తం 296 యూనిట్లకు దిగి బిల్లు 1,759 అవుతుంది, వసూలు 2,960కి పడిపోతుంది. ఓనరు మిగులు 1,270 నుంచి 1,201కి జారిపోతుంది. నెలకు 69 రూపాయల నష్టం! పొదుపు పేరుతో ఒక గృహస్థుకు జరుగుతున్న ఈ అన్యాయం మీద ఇంతవరకు ఒక్క కమిటీ కూడా వేయలేదు.

పేదవాడి ఇంధన పొదుపుకి అసలు హద్దు టాటా ఏస్ ట్రాలీ. ఇల్లు మారేటప్పుడు అందులో పట్టే వస్తువు మీదే వాడు డబ్బు పెడతాడు. ఫ్యాన్ పడుతుంది, బల్బులు పడతాయి. కప్పుకి కొట్టిన తెల్ల పెయింటు పట్టదు. అందుకే వేడి ఎక్కడి నుంచి దిగుతుందో అక్కడ తప్ప అన్నిచోట్లా పొదుపు జరుగుతుంది.

ఆ పెయింటు పనేమీ బ్రహ్మవిద్య కాదు. ఫిబ్రవరిలో, చెమ్మ పూర్తిగా ఆరిన స్లాబు మీద నాచు గీకి, పగుళ్లు పూడ్చి, ప్రైమరు వేసి, కూల్ రూఫ్ కోటింగ్ రెండు పూతలు కొట్టాలి. రెండోది మొదటిదానికి అడ్డంగా. చెమ్మ మీద కొడితే నెల తిరక్కుండా పొక్కులు లేస్తాయి. డబ్బా మీది కవరేజీ ఒక పూతకా, రెండు పూతలకా చూసుకోకపోతే సగం కప్పు తెల్లగా, సగం నల్లగా మిగులుతుంది. ఇనుప రేకైతే తుప్పు గీకి ముందు రెడ్ ఆక్సైడ్ పూయాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు వైరు బ్రష్‌తో రుద్దకూడదు. నీళ్లు చల్లి మెత్తటి బ్రష్‌తోనే కడగాలి. సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టడం చవకే, కానీ గట్టి వాన పడితే సగం కాలవలోకి పోతుంది. ఏదైనా సరే ఏటా ఎండాకాలం ముందు కడక్కపోతే దుమ్ము పట్టి మళ్లీ వేడి మింగుతుంది. కడగాలంటే మేడ మీదికెక్కాలి, మేడ గేటు తాళం ఓనరు దగ్గరుంటుంది.

అమెరికావాళ్లకు ఈ సున్నితత్వం లేదు. వెదరైజేషన్ పథకమని 1976లోనే మొదలుపెట్టి, పేదలు కిరాయికున్న ఇళ్లకూ ఇంధనం ఆదా అయ్యేలా ప్రభుత్వ ఖర్చుతో మరమ్మతు చేయిస్తారు. ఓనరు ఒప్పుకోలు తీసుకుంటారు గానీ, ఆ పని వంకతో కొంతకాలం కిరాయి పెంచకూడదని షరతు పెడతారు. మన దగ్గర కప్పు తెల్లబడ్డ మర్నాడే టులెట్ బోర్డు మీద 'చల్లని పోర్షన్' అని రాసి వెయ్యి పెంచుకునే స్వేచ్ఛ ఉంది. దాన్ని వదులుకోమని ఎవరు చెప్పగలరు?

కనుక ప్రభుత్వానికి మా విన్నపం. కప్పు పెయింటు సబ్సిడీ పూర్తిగా ఓనరుకే ఇవ్వండి, దాంతోపాటు పొదుపు నష్టపరిహారం కింద నెలకు 69 రూపాయలు ఆయన ఖాతాలో వేయండి. బదులుగా ఒకే ఒక్క కాగితం అడగండి: పోర్షన్‌కో మీటరు చొప్పున దరఖాస్తులు, వాటి మీద ఆయన సంతకం. పెన్ను కూడా ప్రభుత్వమే ఇవ్వాలి.