పాత కంప్యూటర్‌ను ఫైలుగా మార్చుకోవడం: బెజవాడ ప్రెస్సులకు వర్చువల్ మెషీన్ అవసరం

విజయవాడ గవర్నర్‌పేటలోనో సూర్యారావుపేటలోనో పాతకాలపు డీటీపీ సెంటర్‌కు వెళితే, కొత్త కంప్యూటర్ల మధ్య ఒక మూల పసుపుబారిన సీపీయూ ఒకటి ఇంకా కనిపించడం అరుదేమీ కాదు. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజీమేకర్ 7.0 సాఫ్ట్‌వేర్, తెలుగు అచ్చుకు వాడే అను ఫాంట్లు ఉంటాయి. రెండు దశాబ్దాలుగా సెట్ చేసిన పుస్తకాలు, గైడ్లు, శుభలేఖలు, సావనీర్లు అన్నీ ఆ ఒక్క హార్డ్‌డిస్కులోనే ఉంటాయి. ప్రచురణకర్త పునర్ముద్రణ అడిగిన రోజున ఆ పెట్టె ఆన్ కాకపోతే వేల పేజీల పని మళ్లీ మొదటి అక్షరం నుంచి టైపు చేయాల్సిందే. ఆ పెట్టెను రిపేరు చేయించుకుంటూ ఎన్నాళ్లు నెట్టుకొస్తారన్న ప్రశ్నకు చౌకైన సమాధానం ఒకటి ఉంది. మన ప్రెస్సులవాళ్లు దాన్ని ఇంజనీరింగ్ విద్యార్థుల వ్యవహారంగా భావించి పట్టించుకోవడం లేదు.

ఆ సమాధానమే వర్చువల్ మెషీన్. లాప్‌టాప్‌లో నడుస్తున్న విండోస్ 11 లోపల, ఒక మామూలు ప్రోగ్రామ్ కిటికీలో, మరో పూర్తి కంప్యూటర్ ఉన్నట్టు భ్రమింపజేసే సాఫ్ట్‌వేర్ ఇది. లోపలి సిస్టమ్ తనకు సొంత హార్డ్‌డిస్కు, సొంత మెమొరీ, సొంత స్క్రీన్ కార్డు ఉన్నాయనే అనుకుంటుంది. నిజానికి ఆ హార్డ్‌డిస్కు బయటి లాప్‌టాప్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల కోసం 1972లోనే వీఎం/370ని ప్రకటించింది. మన ఇళ్లలో ఉండే ఇంటెల్ తరహా ప్రాసెసర్లు మాత్రం ఈ పనికి అనువుగా రూపొందినవి కావు. 1999లో వీఎంవేర్ సంస్థ ఆ అడ్డంకిని సాఫ్ట్‌వేర్ ఉపాయంతో దాటింది, 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్లలోనే ఆ సదుపాయాన్ని చేర్చాయి. వర్చువల్ మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్ ఉచితంగానే దొరుకుతుంది. ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమైంది.

కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిపోతే ఈ గొడవంతా ఎందుకన్న వాదన సహేతుకమే. పేజీమేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 వెర్షన్ నుంచి తెలుగు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) పనిచేస్తోంది. కొత్తగా మొదలుపెట్టే పుస్తకాన్ని పేజీమేకర్‌లో సెట్ చేయడాన్ని నేను సమర్థించను. చిక్కంతా పాత పుస్తకాలతోనే. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టి తయారుచేసినవి కాబట్టి, ఆ ఫాంటు లేని చోట అదే పేజీ అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపిస్తుంది. పేజీని పేజీగా చూడాలన్నా, ఒక్క అచ్చుతప్పు దిద్ది ప్లేటుకు పంపాలన్నా, దాన్ని సృష్టించిన వాతావరణమంతా యథాతథంగా ఉండాలి. సరిగ్గా ఆ వాతావరణాన్నే వర్చువల్ మెషీన్ భద్రపరుస్తుంది.

లాప్‌టాప్ విషయంలో చాలామంది ప్రాసెసర్ గురించి అడుగుతారు. అడగాల్సింది మెమొరీ గురించి. ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న లాప్‌టాప్‌లో రెండో విండోస్ 11 నడపాలని ప్రయత్నించే గుంటూరు విద్యార్థికి విసుగే మిగులుతుంది, ఎందుకంటే విండోస్ 11కి కనీస అవసరమే నాలుగు జీబీ. ఎక్స్‌పీ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ దానికి సిఫార్సు చేసిన మెమొరీ 128 ఎంబీ మాత్రమే కాబట్టి, ఒక జీబీ ఇస్తే అది తన జీవితంలో ఎన్నడూ చూడనంత వైభవంగా నడుస్తుంది. అంటే ప్రెస్సువాడి అవసరానికి ఇంట్లో పిల్లవాడి కోసం కొన్న మామూలు లాప్‌టాప్ చాలు. అయితే అది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్‌తో ఉండాలి. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లు, ఆపిల్ ఎం వరుస మాక్‌లు ఎంత ఖరీదైనవైనా ఎక్స్‌పీని ఈ పద్ధతిలో నడపలేవు. వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ సొంత వర్చువలైజేషన్ సదుపాయం అప్పటికే పనిచేస్తున్నందువల్ల వేగం తగ్గిందని అర్థం. దాన్ని వదిలించుకోవడానికి విండోస్ భద్రతా సెట్టింగులను ఆపేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. పేజీమేకర్ కోసం అంత తెగింపు అక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు శ్రమ పాత కంప్యూటర్‌ను లోపలికి తీసుకురావడంలో ఉంది. పాత హార్డ్‌డిస్కును బయటకు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త లాప్‌టాప్‌కు కలిపి, డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీసుకుంటే, వర్చువల్‌బాక్స్‌లో ఉన్న ఆదేశంతో దాన్ని వర్చువల్ డిస్కుగా మార్చుకోవచ్చు. మొదటిసారి ఆన్ చేయగానే 7బీ సంఖ్యతో నీలి తెర ప్రత్యక్షమైతే కంగారు పడనక్కర్లేదు. తన డిస్కును నడిపే కంట్రోలర్ మారిపోయిందని ఎక్స్‌పీ మొరపెట్టుకుంటోందన్నమాట. సెట్టింగుల్లో కొత్త తరహా కంట్రోలర్ సాటాకు బదులు పాత తరహా ఐడీఈ ఎంచుకుంటే చాలాసార్లు దారికొస్తుంది. హార్డ్‌వేర్ మొత్తం మారింది కాబట్టి ఎక్స్‌పీ మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు, కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పెట్టెకే పరిమితం. ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు హార్డ్‌వేర్ లాక్ (కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం) ఉంటే తప్ప తెరుచుకోవు. అది యూఎస్‌బీది అయితే లోపలి సిస్టమ్‌కు అప్పగించవచ్చు, పాత ప్రింటర్ పోర్టుకు తగిలించేదైతే నేటి లాప్‌టాప్‌కు ఆ రంధ్రమే లేదు. ఇన్ని చిక్కులున్నా ఇమేజ్ మాత్రం ముందే తీసుకోవాలి. ఎక్స్‌పీ లేవకపోయినా ఫైళ్లు, ఫాంట్లు చేతికి దక్కుతాయి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు, మూడేళ్ల కిందటే వదిలేసిన ఆ ఎక్స్‌పీకి కూడా ఆ సంస్థ అత్యవసరంగా మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. ఆ దాడి తాకిడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్ల దాకా వచ్చింది. కాబట్టి లోపలి ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డే లేకుండా చేయడం సలహా కాదు, షరతు. తయారైన పీడీఎఫ్‌ను సీటీపీకి (కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు ప్లేటు తయారుచేసే యంత్రానికి) పంపడానికి, లోపలి, బయటి సిస్టమ్‌లు రెండూ చూడగలిగే ఒక్క షేర్డ్ ఫోల్డర్ చాలు. లాప్‌టాప్‌లోని డ్రైవ్ మొత్తాన్ని లోపలికి తెరిచిపెడితే, వర్చువల్ మెషీన్ కట్టిన గోడకు మనమే తలుపు పెట్టినట్టవుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో నానిన సంగతి నగరం మరిచిపోలేదు. నేలమీద పెట్టిన సీపీయూను నడుంలోతు నీళ్లలో మోసుకుపోవడం ఎవరివల్లా కాదు, కానీ అదే కంప్యూటర్ ఒక ఫైలుగా ఉంటే దాని నకలు మరో ఊళ్లోని చుట్టం ఇంట్లో ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉండవచ్చు, మరుసటి వారం ఏ లాప్‌టాప్‌లోనైనా తెరుచుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: వర్చువల్ మెషీన్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెషీన్ ఉన్న స్థితిని గుర్తుపెట్టే సదుపాయం) తీసి, అదే బ్యాకప్ అనుకోవడం. స్నాప్‌షాట్ కూడా అదే లాప్‌టాప్ డిస్కులో, అసలు ఫైలు మీద ఆధారపడి ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి.

ఇంత చేసినా మిగిలే పని ఒకటుంది. పేజీమేకర్ పేజీలు వర్చువల్ మెషీన్‌లో క్షేమంగా ఉంటాయి గానీ వాటిలోని తెలుగు వెతకడానికి దొరకదు, ఫోన్‌లో చదవడానికి కుదరదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అయితే ఒత్తులూ గుణింతాలూ కలిసిన చోట అవి తడబడతాయి కాబట్టి ప్రతి ఫారాన్నీ (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టను) ప్రూఫ్ రీడర్ మళ్లీ చదవాలి. ఆ ఖర్చు తనదని ప్రచురణకర్త అనడు, ప్రెస్సువాడికి అది తన పని కాదు, రచయితకు చాలాసార్లు తన పుస్తకం ఏ రూపంలో ఉందో కూడా తెలియదు. పునర్ముద్రణ ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆ పుస్తకాన్ని ఒక్కదాన్నే మార్చి, ప్రూఫ్ ఖర్చును ఆ ఆర్డరు ధరలోనే కలుపుకోవడం నాకు ఆచరణసాధ్యంగా తోస్తోంది. మిగతావి తమ వంతు వచ్చేదాకా ఎక్స్‌పీ కిటికీలోనే ఉంటాయి.