‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే జడ్జికి ఏం తెలుస్తుంది?

ఆమధ్య ఒకమ్మాయికి తోడుగా కోర్టుకి వెళ్లాను. ప్రొటెక్టివ్ ఆర్డర్ (కొట్టే భర్త ఆమె జోలికి రాకూడదని కోర్టు ఇచ్చే ఆదేశం) మీద ఫైనల్ హియరింగ్. ఏం జరిగిందని జడ్జి అడిగితే “చెయ్యి చేసుకున్నాడండీ” అంది. ఇంటర్‌ప్రిటర్ తడబడి, చేత్తో ఏదో చేశాడన్నట్టు చెప్పాడు. జడ్జి పెన్ను కదల్లేదు. లాయరు గుచ్చి గుచ్చి అడిగాక బయటపడింది: బుధవారం రాత్రి, వంటింట్లో, గోడకి అదిమి గొంతు పట్టుకున్నాడు. అప్పుడు రాసుకున్నారు. భర్త పరువు కాపాడటానికి మనం తయారుచేసుకున్న మాటలు సాక్ష్యానికి పనికిరావు.

అమెరికాలో మొదటి ఆర్డర్ త్వరగానే వస్తుంది. ఆమె ప్రమాణం చేసి రాసిచ్చినదాన్ని బట్టి, అతన్ని పిలవకుండానే తాత్కాలికంగా ఇస్తారు. ఒక వైపే విని మనిషిని ఇంట్లోంచి పంపేయడం అన్యాయం కాదా అని మనవాళ్లు అడుగుతుంటారు. సబబైన ప్రశ్నే. అందుకే రెండో విచారణ త్వరగా పెడతారు: న్యూజెర్సీలో 10 రోజుల్లో, కాలిఫోర్నియాలో సుమారు మూడు వారాల్లో. అక్కడ అతనూ లాయర్ని పెట్టుకుని మాట్లాడొచ్చు. ఇది సివిల్ వ్యవహారం కాబట్టి క్రిమినల్ కేసులో అడిగేంత గట్టి రుజువు చాలా రాష్ట్రాల్లో అక్కర్లేదు. ఆమె చెప్పింది జరిగి ఉండే అవకాశమే ఎక్కువని జడ్జికి అనిపిస్తే చాలు. న్యూజెర్సీలో ఫైనల్ ఆర్డర్‌కి గడువే ఉండదు, కోర్టు రద్దు చేసేదాకా నడుస్తుంది.

అసలు చిక్కంతా ఈ రెండు విచారణల మధ్య రోజుల్లో ఉంది. ఫోన్లు మొదలవుతాయి. “ఏడుస్తున్నాడమ్మా, ఒక్కసారి మాట్లాడు. కేసు నడిస్తే వాడి వీసా పోతుంది, పిల్లల గతేంటి?” చేసేది పెద్దమనుషులే, మంచి మనసుతోనే. కానీ ఆర్డర్‌లో సాధారణంగా ఇంకొకరి ద్వారా కబురు పంపడం కూడా నిషేధమే. పైగా ఆర్డర్ రావడం శిక్ష పడటం కాదు. దాన్ని ఉల్లంఘించాడని కోర్టు తేలిస్తే మాత్రం, వలస చట్టం ప్రకారం దేశం నుంచి పంపేయడానికి అదే కారణం కావచ్చు. వీసా కాపాడబోయిన అంకులే దానికి ఎసరు పెడుతున్నాడన్నమాట.

కోర్టుల మీదా నాకు ఫిర్యాదు ఉంది. ఆమె విచారణకి రాకపోతే మామూలుగా కేసు కొట్టేస్తారు. ఎందుకు రాలేదో, ఎవరు ఫోన్ చేశారో కనుక్కునే తీరిక ఉండదు. ‘వెనక్కి తీసుకుంటాను’ అంటే కొందరు జడ్జీలు విడిగా కూర్చోబెట్టి, ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడుగుతారు. అందరూ అడగాలి. ఇంటర్‌ప్రిటర్ రాలేదని ఆడపడుచునో తోడికోడలినో అనువదించమనడం ఇంకా ఘోరం. విచారణ వాయిదా వేసి తాత్కాలిక ఆర్డర్ పొడిగిస్తే సరిపోయేదానికి!

ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌కి వస్తాను. ఎయిర్‌పోర్ట్ పికప్‌కి, పిక్నిక్‌కి వాలంటీర్లు దొరుకుతారు. హియరింగ్ రోజు పొద్దున ఆమెని కారులో తీసుకెళ్లేవాళ్లు, మధ్యాహ్నం దాకా పిల్లల్ని చూసుకునేవాళ్లు, ముందురోజు కూర్చుని ఏ తేదీన ఏం జరిగిందో ఆమె చెబితే రాసిపెట్టేవాళ్లు, ముగ్గురు కావాలి. రాసేవాళ్లకి ఒకటే షరతు: ‘గొడవ జరిగింది’ అని రాయకూడదు.