ఆ ఇత్తడిని తోమేముందు పేరు చదవండి

ట్రెంచ్ ఆర్ట్ అంటే ఏమిటో పాత యుద్ధ వస్తువుల మీద మోజున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) పేల్చిన ఫిరంగి గుళ్ల ఇత్తడి తొడుగులతో చేసిన పూలకుండీలు, తూటాలతో చేసిన లైటర్లు, ఆ గుళ్లను పేల్చే ఫ్యూజుల అల్యూమినియంతో చేసిన ఉంగరాలు, ఉత్తరాల కవర్లు చించే కత్తులు. ఆన్‌లైన్ వేలాల్లో ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి. నాకు పేచీ ఆ అమ్మకాలతో కాదు, వాటికి ధర కట్టే తీరుతో. నగిషీ బాగా కుదిరిన జత కుండీల కోసం పోటీపడి పాడేవాళ్లే, అడుగున మేకుతో వంకరటింకరగా పేరూ సైన్యం నంబరూ గీసిన యాష్‌ట్రేను పక్కకు నెట్టేస్తారు. అసలు సరుకు ఆ యాష్‌ట్రేనే. మన ఇళ్లలో గిన్నెల మీద పేరు కొట్టించేది గిన్నె అందం కోసమా? నలుగురి సామాన్లలో కలిసిపోతే ఎవరిదో తెలియాలని. ఆ సిపాయి గీసిందీ అందుకే.

వస్తువును ముందు తిరగేసి అడుగు చూడాలి. బ్రిటిష్ 18 పౌండర్ ఫిరంగి తొడుగైతే ఆ ఫిరంగి రకం, తయారీదారు గుర్తు, లాట్ నంబరు, తేదీ కొట్టి ఉంటాయి. జర్మన్‌దైతే చాలాసార్లు కార్ల్స్‌రూహె, మాగ్డెబర్గ్ లాంటి ఫ్యాక్టరీ ఊరి పేరు, నెల, సంవత్సరం. పైన పువ్వుల మధ్య 'ఈప్ర్ 1915' అని బెల్జియం యుద్ధరంగం పేరు చెక్కి ఉండి, అడుగున 1917 అని ఉంటే ఇంకేం కావాలి? ఆ చెక్కుడు 1917 కంటే ముందుది కాదు, జ్ఞాపకం కోసమో అమ్మకం కోసమో తర్వాత చేసింది. ఈపాటి లెక్క కూడా చూడకుండా 'కందకంలో (ట్రెంచ్‌లో) కూర్చుని చేసింది' అని చీటీ అంటించి అమ్మేస్తున్నారు, పైగా ఫొటోలో మెరవాలని మెటల్ పాలిష్‌తో రుద్దీ రుద్దీ ఆ సన్నటి అక్షరాలనే అరగదీస్తున్నారు!

ఇక నంబరు. 1920కి ముందు బ్రిటిష్ సైన్యంలో ఏ రెజిమెంటు నంబర్లు దానివే కాబట్టి ఒకే నంబరు చాలామందికి ఉండేది, పక్కన రెజిమెంటు గుర్తు లేకపోతే వెతుకులాట ముందుకు సాగదు. టెరిటోరియల్ దళాలకు, అంటే పార్ట్‌టైం వాలంటీరు సైన్యానికి, 1917 మొదట్లో ఆరంకెల కొత్త నంబర్లు ఇచ్చారు, అంటే అంకెల పొడవు కూడా ఒక ఆచూకీయే. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకు సర్వీసు ఫైళ్లలో సగానికి పైగా తగలబడ్డాయి గానీ ఎవరికి ఏ పతకం వచ్చిందో రాసిన కార్డులు మిగిలాయి. కాస్త ఓపికపడితే, ఇంగ్లండ్‌లోని ఏ లీడ్స్ కుర్రాడో ఏ దళంలో పనిచేశాడో, తిరిగొచ్చాడో లేదో చాలాసార్లు తేలుతుంది.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. ఈ వస్తువుల్లో చాలా భాగం కందకాల్లో చేసినవి కావు, వెనక వర్క్‌షాపుల్లో ఇంజనీరింగ్ దళాలు, బెల్జియం, ఫ్రాన్స్ ఊళ్ల జనం, యుద్ధమయ్యాక సమాధులు చూడవచ్చినవాళ్లకు అమ్ముకోడానికి చేసినవి, అందులో పేరు వెతకడం దండగ అంటారు. ధర పెరగాలని నిన్నమొన్న పేరు చెక్కే మాయగాళ్లూ ఉన్నారు, నిజమే. అయితే అసలేదో నకిలీ ఏదో తేలాలన్నా వెతకాల్సిందేగా?

నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఈ పద్ధతంతా సామ్రాజ్యం ఎవరి పేరు రాసుకుందో వాళ్లకే పనిచేస్తుంది. బ్రిటిష్‌వాళ్ల కింద పనిచేసిన చైనా కూలీ దళంలో దాదాపు 95,000 మంది. తొడుగుల మీద డ్రాగన్లు చెక్కినవాళ్లు వీళ్లలో ఉన్నారు. వాళ్లకిచ్చిన కంచు పతకం అంచున చూస్తే నంబరూ దళం పేరే, మనిషి పేరు లేదు. మనవాళ్ల సంగతి? 13 లక్షలకు పైగా యుద్ధానికి వెళ్లారు, 74,000 మంది పోయారు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను రెజిమెంటు కింద 'ఇంకా ఇంతమంది' అని అంకె వేసి వదిలేశారు. మంటల్లో పోయిన కాగితాలంటే సరే, ఇది కూర్చుని తీసుకున్న నిర్ణయం. 2021లో, ఈ సమాధులనూ స్మారకాలనూ చూసుకునే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వేసుకున్న కమిటీయే, కనీసం 1,16,000 మందిని పేరుతో గానీ అసలు గానీ స్మరించుకోలేదని తేల్చింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. చెబితే అయిపోతుందా?

అదే ఏడాది లాహోర్ మ్యూజియంలో ఏళ్లుగా పడి ఉన్న పంజాబ్ రిజిస్టర్లను, సుమారు 3,20,000 మంది సిపాయిల వివరాలను, బ్రిటన్‌లోని పంజాబీలు ఒక విశ్వవిద్యాలయంతో కలిసి ఆన్‌లైన్‌లోకి తెచ్చే పని మొదలుపెట్టారు. ప్రభుత్వం పిలిచేదాకా ఆగలేదు. మరి మనమో? బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళం మెసపటేమియాలో (ఇప్పటి ఇరాక్‌లో) పనిచేసింది, తమిళులతో పాటు తెలుగువాళ్లున్న దళం, చేతిపని తెలిసినవాళ్లు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. ఢిల్లీ తీన్‌మూర్తి యుద్ధ స్మారకం దగ్గరి మూడు సిపాయి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్ల (ఆశ్వికదళం) తరఫున నిలబెట్టిందే. ఇంత ఉండి, ముత్తాత పతకాన్ని తూకానికి అమ్ముకునే ఇళ్లు ఇంకా ఉన్నాయంటే కోపం రాదూ?

అమ్మేముందు ఆ పతకం అంచు చదవండి, ఫొటో తీయండి. కమిషన్ వెబ్‌సైటులో చనిపోయిన చాలామంది భారతీయ సిపాయిల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి కాబట్టి జిల్లా పేరుతోనూ వెతకొచ్చు. కాకపోతే ఇంగ్లీషులో, తెల్లదొరల స్పెల్లింగుతో కొట్టాలి: విశాఖపట్నానికి Vizagapatam, కృష్ణాకు Kistna, కడపకు Cuddapah.