నోరుండగా చెంపతో కొరికే పట్టకారు గారికి

మహారాజశ్రీ పాత పనిముట్ల పెట్టె అడుగు వాస్తవ్యులు పట్టకారు గారికి,

కుడి అరచేతిలో బొబ్బ లేవడం వల్ల ఎడమచేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే మన్నించగలరు. ఆ బొబ్బ తమరి చలవే.

నిన్న మధ్యాహ్నం తమరిని పైకి తీసినప్పుడు నాకు కావలసింది ఒక్కటే, కంచె తీగ ఒక ముక్క తెంపడం. చూడ్డానికి పట్టకారులాగే ఉన్నారు. రెండు పిడులున్నాయి, నోరుంది, నోట్లో పళ్ళున్నాయి. కానీ ఒక చెంపకి సుత్తి, ఇంకో చెంపకి గద్దముక్కు. ఇదేం అవతారమండీ? ఒంటి మీద పేరు లేదు, నంబరు లేదు, ఉన్నా తుప్పు తినేసింది.

సరే, పెద్దవాళ్ళకి తెలుస్తుందని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను. అదే నా తప్పు. చెప్పులు కుట్టేవాళ్ళదని మామయ్య, గుర్రానికి నాడా ఊడదీసేదని బాబాయి, 'పన్ను పీకేది రా అది, పాతకాలంలో ఇలాగే ఉండేవి' అని పెద్దమ్మ. ఆవిడ మాట విన్న దగ్గర్నుంచి ఆ ముక్కు చూస్తే చాలు, నాకు దవడ సలుపుతోంది.

ఇక తీగ సంగతి. నోట్లో పెట్టి నొక్కాను. వంగింది, నలిగింది, పళ్ళ అచ్చులు పడ్డాయి, తెగలేదు. రెండు చేతులతో నొక్కాను. ఒక పిడి నేలకి ఆనించి రెండోదాని మీద మోకాలు పెట్టి ఊగాను. నలభై నిమిషాలండీ! ఆ నలభై నిమిషాలూ తమరి కీలు పక్కన, చెరో వైపు, ఒక చిన్న గాటు కనిపిస్తూనే ఉంది. ఎవరో ఎప్పుడో విరగ్గొట్టారు పాపం అనుకున్నాను. తీరా చూస్తే కత్తెర అదే! పిడులు బాగా తెరిస్తే గాటు తెరుచుకుంటుందట, తీగ అందులో పెట్టి మూస్తే రెండంచులూ ఒకదాన్నొకటి దాటుకుంటూ టక్కున కోసేస్తాయట, కీలుకి అంత దగ్గర కాబట్టి పిడి మీద పెట్టిన బలం అక్కడ ఎన్నో రెట్లవుతుందట.

ఇది కూడా నా అంతట నేను కనిపెట్టింది కాదు. బాబాయి, ఆ నాడా కథ చెప్పినాయనే, సాయంత్రం వచ్చి తీగ అక్కడ పెట్టి టక్కుమనిపించి 'నేను చెప్పలేదూ?' అన్నాడు. చెప్పలేదు.

నోరు పెట్టుకుని చెంపతో కొరకడమేమిటి నువ్వు? ఆ గాటు పక్కన చిన్న బాణం గుర్తు చెక్కించుకుంటే నీ సొమ్మేం పోయేది? ఇన్ని పనులొచ్చని గొప్పేగానీ, ఏ పని ఎక్కడ చేస్తావో చెప్పవు! ఆ సుత్తి చూస్తే చొక్కా బొత్తామంత, మేకుకి తగిలేది మూడు దెబ్బలకొకటి. పిడులు మూస్తే మధ్యలో అరచేతి చర్మం.

1874లో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు తన ముళ్ళతీగకి పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ తీగ పొలాల చుట్టూ పాకింది. ఒక చేత్తో తీగ లాగి పట్టుకున్నవాడికి మిగిలేది ఒక్క చెయ్యి, దానికి సుత్తీ కత్తెరా పట్టకారూ కలిపి ఒకటే కావాలి. కంచె కట్టేవాళ్ళ పట్టకారువన్నమాట, నీ పుట్టుక అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు.

తగ్గించింది ఆ గద్దముక్కే. కర్ర గుంజలో తల దాకా దిగిపోయిన యు మేకు (తీగని గుంజకి పట్టి ఉంచే, U ఆకారంలో వంచిన రెండు కాళ్ళ మేకు) ఒకటుంది, స్క్రూడ్రైవరుకి లొంగలేదు. నీ ముక్కు మొన దాని వంపు కింద పెట్టి, సుత్తి చెంప మీద ఇంకో సుత్తితో రెండు దెబ్బలు వేశాను. మేకు కాస్త లేచింది. నోటితో కరిపించి, నీ తలని గుంజకి ఆనించి అలా దొర్లించానంతే, కిర్రుమంటూ మొత్తం బయటికొచ్చింది, రెండు కాళ్ళూ వంకర పోకుండా. పెద్దమ్మకి సగం మార్కులివ్వాలి, పీకేదే. బొబ్బ సంగతి మర్చిపోయి ఇంకోటి పీకాను. ఇంకోటి.

పీకాల్సినవి మూడే. పదకొండు పీకాను. ఇప్పుడు ఆ కంచె మేకులన్నీ మళ్ళీ కొట్టాలి, నీ బొత్తాం సుత్తితో.

ఇట్లు,
ఎడమచేతి వాటం నేర్చుకుంటున్న తమ విధేయుడు