వదిలేసిన క్లబ్‌కు పరిహారమా?

2019 జూన్. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మైదానం. తల్లి వైపు భారత మూలాలున్న 19 ఏళ్ల కుమార్ రాకర్ కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌లో వాండర్‌బిల్ట్ తరఫున డ్యూక్ యూనివర్సిటీ జట్టు మీద బంతి విసురుతున్నాడు. అతని స్లైడర్ బంతి బ్యాటర్ ముందున్న ప్లేట్ దగ్గరికొచ్చి చటుక్కున కిందికి జారుతుంటే బ్యాటర్లు గాల్లోకి బ్యాట్ ఊపి వెనుదిరుగుతున్నారు. 27 అవుట్లలో 19 స్ట్రైకౌట్లే, అంటే బ్యాటర్ మూడు అవకాశాల్లోనూ బంతిని కొట్టలేక అవుటైనవే. ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. ఆ రాత్రి చూసినవాళ్లెవరూ ఈ కుర్రాడి భవిష్యత్తుకు ఢోకా ఉంటుందని అనుకుని ఉండరు.

రెండేళ్ల తర్వాత, 2021 జులై డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, న్యూయార్క్ మెట్స్ క్లబ్ అతణ్ని పదో ఎంపికగా తీసుకుంది. సుమారు 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. ఆ తర్వాత వైద్య పరీక్షల్లో అతని చేతి మీద క్లబ్‌కు అనుమానం వచ్చింది. ఒప్పందానికి ఆగస్టు 1 గడువు దాటిపోయింది. సంతకం జరగలేదు.

మన దగ్గర ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో విద్యార్థి తన ర్యాంకును బట్టి కాలేజీని ఎంచుకుంటాడు. డ్రాఫ్ట్‌లో కాలేజీయే విద్యార్థిని ఎంచుకుంటుందనుకోండి. తీసుకున్న క్లబ్ తప్ప మిగతా 29 క్లబ్బులూ ఆ ఏడాది అతనితో బేరమాడటానికి వీల్లేదు. సీటు ఇస్తామన్నవాళ్లే చివరి రోజు తలుపు మూస్తే, కుర్రాడు మరుసటి ఏడాది దాకా ఆగాల్సిందే.

మరి తలుపు మూసిన క్లబ్‌కు ఏమవుతుంది? దాదాపు ఏమీ కాదు. 2022 డ్రాఫ్ట్‌లో మెట్స్‌కు పరిహారంగా 11వ ఎంపిక దక్కింది. అంటే ఒక్క మెట్టు కిందికి. రాకర్ మాత్రం భుజానికి సర్జరీ చేయించుకుని, మేజర్ లీగ్ క్లబ్బుల కింద లేని ఫ్రంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ జట్టు తరఫున ఆడి తనను తాను మళ్లీ నిరూపించుకోవాల్సి వచ్చింది. అక్కడ 20 ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు) 32 స్ట్రైకౌట్లు తీశాడు.

ఇది ఒక్కడి కథ అయితే దురదృష్టం అని సరిపెట్టుకునేవాళ్లం. 2014లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొట్టమొదటి ఎంపికగా తీసుకున్న బ్రేడీ ఎయికెన్‌కూ ఇదే జరిగింది. మోచేతి లిగమెంట్ మీద సందేహంతో బేరం చెడింది. మరుసటి ఏడాది ఆస్ట్రోస్‌కు పరిహారంగా రెండో ఎంపిక వచ్చింది. దాంతో తీసుకున్న అలెక్స్ బ్రెగ్‌మన్ ఆ క్లబ్‌తో కలిసి 2017, 2022 వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ ఫైనల్స్) గెలిచాడు. ఎయికెన్ 2015లో మోచేతి సర్జరీ చేయించుకున్నాడు. క్లీవ్‌లాండ్ అతణ్ని తీసుకున్నా మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేకపోయాడు. ఎయికెన్ సంతకం చేయకపోవడంతో, డ్రాఫ్ట్ కుర్రాళ్ల మీద ఆస్ట్రోస్ పెట్టగల ఖర్చు పరిమితి తగ్గి, అయిదో రౌండ్ కుర్రాడు జేకబ్ నిక్స్‌తో కుదిరిన 15 లక్షల డాలర్ల ఒప్పందం కూడా ఆగిపోయింది. నిక్స్ చేతిలో ఏ లోపమూ లేదు.

డాక్టర్ల అనుమానం రెండుసార్లూ ఉత్తదేం కాదు, ఒప్పుకుంటాం. పిచర్ (బంతి విసిరేవాడు) చేతి లిగమెంట్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం, కోట్లు పెట్టే క్లబ్ జాగ్రత్తపడటం తప్పూ కాదు. అయితే ఆ రిస్కును రెండు వైపులా పంచాలి. ఇప్పుడున్న నిబంధన మొత్తం బరువును ఇరవై ఏళ్ల అటూఇటూ ఉన్న కుర్రాడి భుజం మీదే పెడుతోంది. అదీ గాయపడిన భుజం మీద!

క్లబ్బులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో కొంత మార్పు వచ్చింది. డ్రాఫ్ట్‌కు ముందే వైద్య పరీక్షలకు ఒప్పుకున్న ఆటగాడికి, ఆ స్థానానికి నిర్ణయించిన మొత్తంలో కనీసం 75 శాతం ఆఫర్ చేయాలి. మంచి అడుగే. కానీ తన రిపోర్టులన్నీ ముందుగా అందరి ముందూ పరచడానికి వెనకాడే కుర్రాడికి ఇప్పటికీ రక్షణ లేదు.

రాకర్ కథ ఇంకోలా తిరగడానికి టెక్సాస్ రేంజర్స్ క్లబ్ కారణం. 2022లో మూడో ఎంపికగా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. మరుసటి ఏడాది మోచేతి సర్జరీ అయినా వదల్లేదు. 2024 సెప్టెంబర్ 12న సియాటెల్‌లో తొలి మేజర్ లీగ్ మ్యాచ్‌లో రాకర్ నాలుగు ఇన్నింగ్స్ వేసి ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. ఓపిక పట్టే క్లబ్ దొరికింది కాబట్టి సరిపోయింది. ఎయికెన్‌కు అలా కలిసిరాలేదు.

క్లబ్బులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ప్రస్తుత ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. కొత్త ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చాలని మేం కోరుతున్నాం. వైద్య కారణాలతో క్లబ్ ఆటగాణ్ని వదిలేస్తే దానికి పరిహార ఎంపిక ఉండకూడదు, ఆ ఆటగాడు అదే రోజు నుంచి మిగతా క్లబ్బుల్లో దేనితోనైనా మాట్లాడుకోవచ్చు.