మహారాజశ్రీ ఖాళీ కాఫీ పాడ్ గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేము ఇక్కడ న్యూజెర్సీలో క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ప్లాస్టిక్ ఒళ్ళు, అల్యూమినియం రేకు మూత, మీకు చావేమిటి? మేం పోయాక మా మనవలూ మిమ్మల్ని చూస్తారు.

రోజూ పొద్దున్నే మన పరిచయం ఒక్క నిమిషం. కాఫీ మెషీన్‌లో పెట్టి మూత నొక్కుతాను. పైనుంచి ఒక సూది, కిందనుంచి ఒక సూది గుచ్చుకుంటాయి. మీ కడుపులో ఉన్న పదేసి గ్రాముల పొడి సారమంతా కప్పులోకి ధారపోసి మీరు కన్నుమూస్తారు. ఆ తర్వాత మీరెవరో, నేనెవరో. ఇంట్లో ఇద్దరం, రోజుకు చెరొకటి, ఏడాదికి 730. మార్చిలో మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చేదాకా ఈ లెక్క నేను వేయనేలేదు.

మా అమ్మ సంగతి మీకు కాస్త చెప్పాలి. ఆవిడ దగ్గర ఖాళీ అయిన వస్తువుకి రిటైర్మెంట్ ఉండదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు చేరుతుంది. నాన్న పాత పంచె మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ చిరిగితే పీలికలు అవుతుంది. ఇక్కడికొచ్చిన వారంలోనే మా పెరుగు డబ్బాలన్నీ పప్పుల డబ్బాలైపోయాయి. ఆ చేతికి లొంగని డబ్బాని నేనింతవరకూ చూడలేదు.

మిమ్మల్ని చెత్తబుట్టలోంచి తీసి, వేలితో నొక్కి చూసి, "ఒరేయ్, ఇందులో ఇంకా డికాక్షన్ ఉందిరా" అంది. రెండోసారి మెషీన్‌లో పెట్టించింది. వచ్చిన దాన్ని ఒక గుక్క తాగి, "ఫిల్టర్ కడిగిన నీళ్ళు నయం" అని తేల్చేసింది. అయినా మిమ్మల్ని పారేయలేదు. కిటికీ గట్టు మీద బోర్లించింది.

మర్నాటి నుంచి మీకు ఉద్యోగాలు వెతకడం మొదలైంది. ముందు నారు. మీ అడుగున సూది పెట్టిన కన్నం చూసి అమ్మ ఎంత ముచ్చటపడిందో! "చూశావా, నీళ్ళు పోవడానికి వాళ్ళే కన్నం పెట్టి ఇచ్చారు." మొదటి విడతలో లోపలి కాఫీ పిప్పి తీయకుండా దాంట్లోనే టొమాటో, మిరప గింజలు గుచ్చింది. పైన బూజు మొలిచింది గానీ మొక్క మొలవలేదు. పచ్చి కాఫీ పిప్పిలో గింజలు సరిగా మొలకెత్తవని ఆ తర్వాత తెలిసింది. రెండో విడతకి రేకు చింపి, పిప్పి తీసి కంపోస్టులో వేసి, లోపలి కాగితం లాగేసి, కడిగి, మట్టి నింపితే అప్పుడు మొలిచాయి. కానీ ఉగ్గుగిన్నెంత చోటులో టొమాటో ఎన్నాళ్ళుంటుంది? మూడు వారాలకే అడుగు కన్నంలోంచి వేర్లు బయటికొచ్చాయి. అన్నిటినీ తీసి పెరుగు డబ్బాల్లోకి మార్చాం. ఏ పనికైనా చివరికి ఆ పెరుగు డబ్బాయే దిక్కు.

పిన్నీసులకీ బొత్తాలకీ మూడు పాడ్లు సరిపోయాయి. అల్లం వెల్లుల్లి ముద్దని మీలో పెట్టి ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తే కూరకొకటి చొప్పున భలే కుదురుతుందనుకున్నాం. కుదిరింది కూడా. కాకపోతే చికెన్ కూర హేజెల్‌నట్ కాఫీ వాసన కొట్టింది. మా ఆవిడ అత్తగారిని ఏమీ అనలేదు. ఆ వారం చికెన్ ముట్టలేదంతే.

ఈ సందట్లో మీ వంశచరిత్ర కూడా చదివాను. మిమ్మల్నీ మీ మెషీన్‌నీ తయారుచేసే క్యూరిగ్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన జాన్ సిల్వన్ మీకు మూలపురుషుడు. 1990ల్లో ఆఫీసుల కోసమని మిమ్మల్ని తయారుచేశాడు. 2015లో ఒక పత్రికతో మాట్లాడుతూ, ఎందుకు చేశానా అని అప్పుడప్పుడూ బాధపడతానన్నాడు. ఆయన ఇంట్లో ఆ మెషీనే లేదట! కన్నతండ్రి గడప తొక్కనివ్వని బిడ్డని మేం నెత్తిన పెట్టుకున్నాం. 2016లో జర్మనీలోని హాంబర్గ్ నగరం ప్రభుత్వ సొమ్ముతో మీ జాతిని కొనకూడదని తీర్మానించింది. మీ ఒంటి మీద రీసైకిల్ త్రికోణం, అందులో 5 అంకె చూసి నేను ఎంత ధీమాగా ఉన్నానో! మిమ్మల్ని రీసైకిల్ చేయొచ్చని వార్షిక నివేదికల్లో రాసి, పెద్ద రీసైక్లింగ్ కంపెనీలు పెదవి విరిచిన సంగతి మాత్రం రాయనందుకు, 2024లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ మీ కంపెనీకి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

నిజం చెప్పొద్దూ, మీలో నారు పోసిన రోజుల్లో నేను మధ్యాహ్నం కూడా ఒక పాడ్ ఎక్కువే తాగాను, ధైర్యంగా. ఆరు నెలల్లో మీకు దొరికిన ఉద్యోగాలు నలభై. ఇంట్లో పోగుపడినవాళ్ళు నాలుగు వందలకు పైనే.

సెప్టెంబర్‌లో అమ్మ వెళ్తూ వెళ్తూ ఇరవై మూడు కిలోల పెట్టెలో చీరల మధ్య మీవాళ్ళని అరవై మందిని సర్దుకుంది. తన స్టీలు ఫిల్టర్ మాకు వదిలేసింది. మేం మెషీన్‌ని పై అలమరలోకి ఎక్కించాం.

సంక్రాంతికి వీడియో కాల్‌లో బొమ్మల కొలువు చూపించింది. మూడో మెట్టు మీద, ఏటికొప్పాక లక్కపిడతల పక్కన, ఎర్ర పెయింటు పూసుకుని, తెల్ల చుక్కలు పెట్టుకుని పొంగలి కుండల్లా మీరు. గుర్తుపట్టలేకపోయాను.

"పక్కింటి పిన్నిగారు చూసి తనకీ ఓ వంద కావాలందిరా. ఎవరైనా వస్తుంటే పంపు."

"లేవమ్మా. నీ ఫిల్టరే వాడుతున్నాం. మెషీన్ పైన పెట్టేశాం."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"మాటిచ్చేశాను కదరా," అంది అమ్మ. "దింపు."

అందుకే ఈ లేఖ. రేపటి నుంచి తమరి దర్శనం రోజుకు నాలుగుసార్లు.

ఇట్లు,
తమ విధేయుడు