ఆ ముక్క ముందే చూసి ఉంటే

పోయిన ఏడాది మార్చిలో ఒక మధ్యాహ్నం, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. డబ్బాలో, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ నీళ్ళలో మా పెద్దమ్మ గర్భసంచి ఉంది. ఆపరేషన్ థియేటర్ బయట సిస్టర్ దాన్ని నా చేతికిచ్చి, "ల్యాబ్‌లో ఇచ్చి రండమ్మా, రసీదు మర్చిపోకండి" అంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. డబ్బాకి అంటించిన కాగితం మీద పెద్దమ్మ పేరు, వయసు 64, తేదీ బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి. మా అమ్మకి ఒంట్లో బాగోక మంచం దిగలేని రోజుల్లో నాకు నీళ్ళు పోసి, పాలు పట్టి పెంచిన మనిషి ఆవిడ.

పదకొండో రోజున రిపోర్టు వచ్చింది. ల్యాబ్ కౌంటర్ ముందే నిలబడి చదివాను. అంత ఇంగ్లీషులోనూ లావు అక్షరాల్లో ఒకటే మాట, కార్సినోసార్కోమా. దాని కింద ఇంకో వాక్యంలో మృదులాస్థి కనిపించిందని రాశారు. మృదులాస్థి అంటే మన చెవి దొప్పలో, ముక్కు కొసలో మెత్తగా ఉండేది. అది గర్భసంచిలో ఏం చేస్తోంది? కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి అడిగితే "డాక్టర్ గారు చెప్తారు మేడమ్" అన్నాడు. పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు.

అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను, తెలిసిన డాక్టర్లని విసిగిస్తూనే ఉన్నాను. నాకు అర్థమైనంతలో చెప్తాను. గర్భసంచి క్యాన్సర్ అని మనం మామూలుగా వినేది లోపలి పొర కణాల్లో పుడుతుంది. అది కార్సినోమా. కండరం, ఎముక, మృదులాస్థి లాంటి వాటి తరహాలో పెరిగేది సార్కోమా. ఈ జబ్బులో రెండూ ఒకే గడ్డలో ఉంటాయి. పాత రోజుల్లో దీన్ని మాలిగ్నెంట్ మిక్స్‌డ్ ముల్లేరియన్ ట్యూమర్ అనేవాళ్ళు. పిండంలో గర్భసంచి, ట్యూబులు తయారయ్యే నాళాల గురించి 1830లో రాసిన జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ పేరు అది. రెండు వేరువేరు క్యాన్సర్లు పక్కపక్కనే పుట్టి కలిసిపోయాయేమో అని చాలా కాలం అనుకున్నారట. జన్యువులు పరీక్షించే రోజులు వచ్చాక, ఎక్కువ కేసుల్లో రెండింటికీ మూలం ఒకే కణమని తేలింది. పొరలోని కణం క్యాన్సర్‌గా మారుతుంది. అందులోనే కొన్ని వేషం మార్చి కండరంలాగా, ఎముకలాగా తయారవుతాయి. పెద్దమ్మ కడుపులో మృదులాస్థి అలా పుట్టింది.

గర్భసంచి క్యాన్సర్లు వంద వస్తే ఇది ఐదు కూడా ఉండదు. కానీ ఆ క్యాన్సర్లతో పోయేవాళ్ళని లెక్కేస్తే వందకి పదిహేను మంది దాకా దీనివల్లే పోతున్నారు. అంత మొండిది. అండాశయంలోనూ వస్తుంది, అక్కడ ఇంకా అరుదు.

ఇదంతా రాస్తున్నది భయపెట్టడానికి కాదు. నా గొడవ ఈ జబ్బు అరుదైనదని కాదు. అంత అరుదైన జబ్బు కూడా మా పెద్దమ్మకి చాలా మామూలు గుర్తుతోనే మొదలైంది. ఆ గుర్తు చూసి చేయాల్సిన పరీక్ష కూడా మామూలుదే. అది తొమ్మిది నెలలు ఎవరూ చేయలేదు. నా కడుపు మంట అదీ.

పెద్దమ్మకి యాభై ఏళ్ళకే ముట్లుడిగాయి. పద్నాలుగేళ్ళ తర్వాత ఒక రోజు చీర మీద మరక కనిపించింది. ఎవరితోనూ అనలేదు. పాత నూలు చీర ఒకటి ముక్కలు ముక్కలుగా చింపుకుంది. ఎవరూ లేవకముందే పెరట్లో పంపు దగ్గర ఉతికి, దండెం మీద కాకుండా గడ్డివాము వెనక కర్ర మీద ఆరేసేది. పాలు తీయడానికి వెళ్ళిన కోడలు చూసి, "ఏంటత్తయ్యా ఇవి?" అని అడిగితే అప్పుడు చెప్పింది. అప్పటికే రెండు నెలలు. నాకు ఫోన్‌లో చెప్తూ కూడా గొంతు తగ్గించేసింది. "ఈ వయసులో ఇదేం ఖర్మే తల్లీ, ఎవరికన్నా తెలిస్తే నవ్వుతారు" అంది. ఊళ్ళో ఒకావిడ "ఒంట్లో వేడి చేసుంటుంది, మజ్జిగ ఎక్కువ తాగు" అందిట. ఇంకొకావిడ "వయసు మళ్ళీ తిరిగొచ్చిందే" అని నవ్విందిట. పెద్దమ్మ ఆ నవ్వు మర్చిపోలేదు.

టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. పేరు రాయను, రాయాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అలాంటివి ప్రతి టౌన్‌లోనూ ఉన్నాయి. "హార్మోన్ తేడా అమ్మా" అని ఇరవై ఒక్క రోజులకి బిళ్ళలు రాశారు. ఆగింది. నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. ఈసారి పాప్ టెస్ట్ చేసి నార్మల్ అన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను కూడా. అక్కడే మోసపోయాం. పాప్ టెస్ట్ చేసేది గర్భసంచి ముఖద్వారం కోసం. లోపల సంచిలో ఏముందో తేల్చడానికి పనికొచ్చే పరీక్ష కాదది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. మాకు అడగడం తెలియలేదు. మళ్ళీ బిళ్ళలు. మధ్యలో పండగ, మనవరాలి వోణీల ఫంక్షన్. తొమ్మిదో నెలకి రక్తంతో పాటు నొప్పి, దుర్వాసన కూడా మొదలయ్యాక హైదరాబాద్ తీసుకొచ్చాను. స్కానింగ్‌లో లోపలి పొర మందం 19 మిల్లీమీటర్లు.

ముట్లుడిగిన మనిషికి రక్తం కనిపిస్తే ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటిందా లేదా అన్నది డాక్టర్లు మొదట చూస్తారు. దాటితే లోపల నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. పొర పల్చగానే ఉన్నా రక్తం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే అప్పుడూ పంపాలి. చాలాసార్లు ఆ ముక్క సన్నటి గొట్టంతో ఓపీలోనే తీయొచ్చు, మత్తు కూడా అక్కర్లేదు. నొప్పి ఉంటుంది, ఉండదని అబద్ధం చెప్పను. పెద్దమ్మ నా చెయ్యి నొక్కేసింది. కానీ రెండు నిమిషాల్లో అయిపోయింది. తొమ్మిది నెలల బిళ్ళలు దాచిపెట్టిన విషయాన్ని ఆ రెండు నిమిషాలు బయటపెట్టాయి. ఆ చిన్న ముక్కలో కూడా సగమే దొరికింది, కార్సినోమా అని మాత్రమే వచ్చింది. రెండో సగం ఆపరేషన్ తర్వాత డబ్బాలో వెళ్ళిన సంచి చెప్పింది. ఈ జబ్బులో అలా జరుగుతూ ఉంటుందట.

ముట్లుడిగాక రక్తం కనిపించిన ఆడవాళ్ళలో నూటికి తొమ్మిది మందికి గర్భసంచి పొర క్యాన్సర్ బయటపడుతోందని ఎన్నో దేశాల లెక్కలు కలిపి 2018లో చెప్పారు. మిగతా తొంభై ఒక్క మందికీ పొర పల్చబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో, ఇంకోటో. అంటే ఎక్కువ మందికి భయం లేదు, నిజమే. కానీ ఆ తొమ్మిది మంది ఎవరో మొహం చూసి చెప్పగలిగే డాక్టర్ ఎవరూ పుట్టలేదు కదా. ముక్క చూడాల్సిందే. చూడకుండా బిళ్ళ రాయడమంటే పొయ్యి మీద ఏం మాడుతోందో చూడకుండా కిటికీ తెరిచి వాసన పోగొట్టుకోవడమే.

ఇంకో సంగతి నాకు నిద్ర పట్టనివ్వదు. మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీసేయడమంటే ఎవరికీ భయం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది దాకా, తెలంగాణలో ఎనిమిది దాకా. దేశంలోనే మనం ముందు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకెందుకు ఉంచుకోవడం" అని ముప్ఫై ఐదేళ్ళ పిల్లలకి తీసేశారు. మా చుట్టాల్లోనే నలుగురున్నారు. అనవసరంగా ఇలా తీసేయడాన్ని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. అక్కర్లేని చోట కత్తి అంత తొందరగా లేచింది. అరవై నాలుగేళ్ళ మనిషికి తొమ్మిది నెలలు రక్తం పోతుంటే మాత్రం ఒక గొట్టం కూడా లేవలేదు.

ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గానీ నా దృష్టిలో ఒకటే తప్పు. రెండు చోట్లా లోపల ఏముందో చూసే ఓపిక లేదు. ఆ నలుగురిలో ఒకామెని అడిగాను, తీసిన సంచిని ల్యాబ్‌కి పంపారా అని. "ఏమో అక్కా, మా ఆయనకి ట్రేలో చూపించి తీసుకెళ్ళిపోయారంట" అంది. రిపోర్టు లేదు. ఆమె ఒంట్లోంచి ఒక అవయవం తీశారు, అందులో ఏముందో రాసిన కాగితం ముక్క కూడా లేదు. ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, అనుకుని తీసిన వాటిలో సార్కోమా దాగి ఉండొచ్చు. గడ్డని కడుపులోనే ముక్కలు చేసి లాగే మోర్సిలేటర్ మిషన్ దాన్ని కడుపంతా చల్లేయగలదని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫైబ్రాయిడ్ అని ఆపరేషన్ చేయించుకునే మూడు వందల యాభై మందిలో ఒకరికి సార్కోమా దాగి ఉండొచ్చని అప్పట్లో వాళ్ళు వేసిన అంచనా. ఆ ఒక్కరు ఎవరో తీసిన ముక్క చూస్తేనే కదా తెలిసేది.

రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. ఆ మందు ప్రాణాలు కాపాడుతోంది, దయచేసి మీ అంతట మీరు ఆపేయకండి. కానీ దాన్ని వాడేవాళ్ళకి గర్భసంచి క్యాన్సర్ ముప్పు, ఈ రకం ముప్పుతో సహా, కొంచెం ఎక్కువ. ఎప్పుడో కడుపు కింది భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకీ అంతే. మరక కనిపించిన రోజే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

పెద్దమ్మకి గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు, లింఫ్ గ్రంథులు, పేగుల మీద ఉండే కొవ్వు పొర అన్నీ తీశారు. తర్వాత ఆరుసార్లు కీమో, పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే మందులతో. ఒకప్పుడు దీన్ని సార్కోమాగా చూసి ఐఫాస్ఫమైడ్ ఇచ్చేవాళ్ళు. ప్రతిసారీ రోజుల తరబడి ఆస్పత్రిలో ఉండాలి. అమెరికాలో ఈ జబ్బున్న 449 మంది మీద రెండు పద్ధతుల్నీ పోల్చి చూసి 2022లో ఫలితాలు అచ్చేశారు. కార్బోప్లాటిన్ తీసుకున్నవాళ్ళు ఏమీ తీసిపోలేదు. వాళ్ళలో సగం మంది 37 నెలలు దాటి బతికారు, ఐఫాస్ఫమైడ్ వైపు 29. ఇంత అరుదైన జబ్బు కోసం అంతమంది ఆడవాళ్ళు, ఆ నీరసంలో, మా మీద ప్రయోగం చేసుకోండి అని ఒప్పుకుంటేనే మా పెద్దమ్మ కీమో పెట్టించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి మజ్జిగన్నం తినగలిగింది. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. రోజూ తలుచుకుంటాను.

అయినా ఎనిమిది నెలలకి ఊపిరితిత్తుల్లో కనిపించింది. తొమ్మిది నెలల ముందే పట్టుకుని ఉంటే బతికేదా అని అడిగితే ఏ డాక్టరూ మాట ఇవ్వలేదు. నేనూ ఇవ్వను. ఇది గర్భసంచి దాటకుండా దొరికినప్పుడు కూడా తిరిగి రాగల జబ్బు. కానీ దాటకుండా దొరికితే అవకాశం ఎక్కువ, అది మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ అవకాశం ఆవిడ హక్కు. దాన్ని మజ్జిగతో, నవ్వులతో, ఇరవై ఒక్క బిళ్ళలతో మనమంతా కలిసి కాజేశాం.

చివరి రోజుల్లో పెద్దమ్మ నన్నేమీ అనలేదు. ఒకసారి మాత్రం, "పాత చీరలు ఇంకో రెండున్నాయే పెట్లో, కోడలికి చెప్పు, చింపొద్దని" అంది.

దినకర్మలప్పుడు ఆడవాళ్ళందరూ ఒక గదిలో చేరితే సిగ్గు వదిలేసి అడిగాను. ముట్లుడిగాక ఎవరికైనా మళ్ళీ కనిపించిందా అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందరూ భోజనాలకి లేచాక మా చిన్నత్తయ్య వెనకుండిపోయింది. నా కొంగు పట్టుకుని, "సంక్రాంతి నుంచి మూడుసార్లమ్మా, మీ మావయ్యకి కూడా చెప్పలేదు" అంది.

గురువారం ముక్క తీశారు. రిపోర్టు సోమవారం ఇస్తారట. రసీదు నా దగ్గరే ఉంది.